సోనేపూర్ ఎంత దూరం?

ఒడిశాలో సోనేపూర్‌లు రెండున్నాయి. మహానది ఒడ్డున ఉన్నది పేరున్న ఊరు. ఇప్పుడది సువర్ణపూర్ జిల్లాకు ముఖ్యపట్టణం, నేతచీరలకు ప్రసిద్ధి. రెండోది గంజాం జిల్లాలో, బహుదా నది బంగాళాఖాతంలో కలిసేచోట ఉన్న చిన్న పల్లె. ఒడియావాళ్ళు దాన్ని సునాపూర్ అంటారు. మా బరంపురం తెలుగువాళ్ళకు అది సోనేపూర్. నేను రాస్తున్నది ఈ రెండో ఊరి సంగతి.

బరంపురం నుంచి దక్షిణంగా ముప్పై కిలోమీటర్లలోపే ఉంటుంది. ఇంకాస్త పక్కకు జరిగితే ఇచ్ఛాపురం, అంటే ఆంధ్రప్రదేశ్. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాను రెండుగా పంచారు. బరంపురం, గోపాల్పూర్, సోనేపూర్ అటు వెళ్ళాయి. ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి ఇటు ఉండిపోయి, 1950 నుంచి శ్రీకాకుళం జిల్లాలో ఉన్నాయి. గీత కాగితం మీద పడింది కానీ మాట దాన్ని పట్టించుకోలేదు. ఇవాళ్టికీ ఆ తీరంలో వలలు బాగుచేసుకునే నోలియాలు ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే. బజారులో ఒడియా, వాడలో తెలుగు, రెండూ కలిసిపోయినచోట మా బరంపురం భాష.

సోనేపూర్‌లో చూడడానికి ఏముంది అంటే గుడిగోపురాలేమీ లేవు. పొడవాటి ఇసుక తీరం, వెనకాల సరుగుడు చెట్లు, మొగలి పొదలు, ఒకపక్క నది, ఒకపక్క కడలి. నది సముద్రాన్ని చేరేముందు కాస్త తటపటాయించినట్టు ఇసుక తిన్నె వెనక ఆగి, పక్కకు తిరిగి, అప్పుడు కలుస్తుంది. కార్తీకమాసంలో మేము వనభోజనాలకు అక్కడికే వెళ్ళేవాళ్ళం. పులిహోర గిన్నెలో ఇసుక పడకుండా చూడమని పెద్దవాళ్ళు కేకలేస్తుంటే, పిల్లలం నది ఎక్కడ అయిపోయి సముద్రం ఎక్కడ మొదలయిందో నీళ్ళు నోట్లో పోసుకుని తేల్చుకునేవాళ్ళం.

ఇక్కడ హ్యూస్టన్‌లో కొత్తగా పరిచయమైన తెలుగువాళ్ళు “మీదే ఊరు?” అని అడిగితే బరంపురం అంటాను. “అదెక్కడ?” అంటే, రాష్ట్రపతిగా చేసిన వి.వి. గిరిగారు 1894లో పుట్టిన ఊరు అంటాను. అప్పుడు మూడో ప్రశ్న వస్తుంది: “ఎంత దూరం?” ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం కనిపించినంత తేలిక కాదని చాలా ఏళ్ళకు తెలిసింది. ఆ లెక్కలన్నీ ఒకచోట రాసిపెడదామని ఈ వ్యాసం.

దారంతో కొలిస్తే

మీ ఇంట్లో భూగోళం బొమ్మ ఉంటే పిల్లల్ని పిలిచి ఒక దారం ముక్క తెమ్మనండి. దారం ఒక కొస హ్యూస్టన్ మీద పెట్టి, రెండో కొస గంజాం తీరం మీద పెట్టి బిగించండి. గోడకు తగిలించే పటం చూసి అలవాటైన కన్ను దారం తూర్పుగా అట్లాంటిక్ దాటి, యూరప్ మీదుగా పోతుందనుకుంటుంది. అలా పోదు. నేరుగా ఉత్తరానికి వెళ్ళి, ఉత్తర ధ్రువం మీదుగా దిగుతుంది.

కారణం చాలా సరళం. హ్యూస్టన్ ఉన్నది పడమటి రేఖాంశం 95⅓ డిగ్రీల దగ్గర. సోనేపూర్ ఉన్నది తూర్పు రేఖాంశం 84¾ డిగ్రీల దగ్గర. రెండూ కూడితే 180. అంటే ఒకే పెద్ద వలయంలో ఈ ఊరు ఇటు సగం మీద ఉంటే ఆ ఊరు అటు సగం మీద ఉంది. ఇంత సరిగ్గా ఎదురెదురుగా పడిన ఊళ్ళ జతలు తక్కువే. షికాగోకో న్యూయార్కుకో వలస వచ్చిన బరంపురంవాళ్ళకు ఈ అదృష్టం లేదు, మనకే ఉంది!

ఇలా ఉన్నప్పుడు దూరం కట్టడానికి లెక్కల మాస్టారు అక్కర్లేదు. హ్యూస్టన్ అక్షాంశం ఉత్తరంగా 30 డిగ్రీలు, అక్కడినుంచి ధ్రువానికి 60. సోనేపూర్ అక్షాంశం 19, ధ్రువం నుంచి అక్కడికి 71. మొత్తం 131 డిగ్రీలు. డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున 14,500 పైచిలుకు కిలోమీటర్లు, మన ఇక్కడి లెక్కలో 9,000 మైళ్ళు దాటి మరికాస్త.

ఆ దారం ఏయే ఊళ్ళమీదుగా పోతుందో చూడడం పిల్లలకు మంచి ఆట. హ్యూస్టన్ నుంచి కాన్సస్ సిటీకి కొంచెం పడమరగా, కెనడాలో హడ్సన్ అఖాతం పడమటి ఒడ్డుకు దగ్గరగా, మంచుదీవులు దాటి ధ్రువం. అవతల సైబీరియాలో టామ్‌స్క్ పట్టణం మీదుగా దిగి, చైనా పడమటి ఎడారులు, టిబెట్, నేపాల్‌లో ఖాట్మండుకు కాస్త పడమర, బీహారులో గయకు దగ్గరగా, ఆపైన మన రూర్కెలా, ఆ కిందే బరంపురం. దారం మీద వేలు పెట్టి వచ్చిన పిల్లవాడికి తాతగారి ఊరు భూగోళానికి ఏ వైపున ఉందో ఇక మరిచిపోవడం ఉండదు.

గడియారం లెక్క కూడా ఈ దారంలోనే ఉంది. చలికాలంలో మనకూ ఇండియాకూ తేడా పదకొండున్నర గంటలు. ఎదురెదురు ఊళ్ళయితే పన్నెండు గంటలుండాలి కదా, ఆ అరగంట ఏమయింది? భారతదేశపు గడియారం కాకినాడ దగ్గరగా పోయే 82½ డిగ్రీల రేఖను పట్టుకుని నడుస్తుంది. సోనేపూర్ దానికి రెండు డిగ్రీలపైన తూర్పున ఉంది కాబట్టి అక్కడ సూర్యుడు గడియారం కంటే 9 నిమిషాలు ముందుంటాడు. హ్యూస్టన్ గడియారం 90 డిగ్రీల రేఖను పట్టుకుంటే, ఊరు అయిదు డిగ్రీలపైన పడమర ఉంది. ఇక్కడ సూర్యుడు 21 నిమిషాలు వెనక. తొమ్మిది, ఇరవై ఒకటి కూడితే పోయిన అరగంట దొరికింది. గడియారాలు ఏం చెప్పినా, సోనేపూర్‌లో మిట్టమధ్యాహ్నం అంటే హ్యూస్టన్‌లో నడిరేయే.

విమానంలో కొలిస్తే

దారం పోయిన దారిన విమానం పోదు. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో 14,500 కిలోమీటర్లు అంటే పదహారు గంటల ప్రయాణం. ఇంత దూరం ఆగకుండా ఎగిరే విమానాలు లేకపోలేదు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియావారి విమానం శాన్ ఫ్రాన్సిస్కో నుంచి బెంగుళూరుకు ఉత్తర ధ్రువప్రాంతం మీదుగా సుమారు పదిహేడు గంటల్లో వచ్చింది. నడిపినవారు అందరూ స్త్రీలే. కెప్టెన్ జోయా అగర్వాల్‌తో పాటు అందులో మన పాపగారి తన్మయి కూడా ఉన్నారు.

మరి మనకెందుకు లేదు? మొదటి సంగతి, హ్యూస్టన్ నుంచి గంజాం తీరానికి రోజూ ఒక విమానం నింపేటంతమందిమి లేము. రెండోది టిబెట్. విమానం లోపల గాలి ఒత్తిడి పోతే పైలట్ వెంటనే పదివేల అడుగుల ఎత్తుకు, అంటే మూడువేల మీటర్లకు దించాలి. టిబెట్ పీఠభూమి నేలే నాలుగున్నర వేల మీటర్ల ఎత్తున ఉంటే ఎక్కడికి దించుతాడు? ప్రయాణికుల తలమీద వేలాడే ఆక్సిజన్ ముసుగులు ఎంతోసేపు రావు. అందుకే ఆ పీఠభూమిని అడ్డంగా దాటే దారులు చాలా తక్కువ. మూడోది రాజకీయం. 2022 నుంచి రష్యా తన ఆకాశాన్ని అమెరికా, కెనడా, యూరప్ దేశాల విమానాలకు మూసేసింది. ఇవి చాలవన్నట్టు ధ్రువం దగ్గర చలి ఒకటి. మామూలు విమానపు ఇంధనం సున్నాకు దిగువన 40 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలుపెడుతుంది కాబట్టి, పైలట్ దాని ఉష్ణోగ్రతను కనిపెట్టుకుంటూ పోవాలి.

కాబట్టి మనం వంకర దారినే వెళ్తాం. ఉదాహరణకు దుబాయి మీదుగా చూద్దాం. హ్యూస్టన్ నుంచి దుబాయి 13,100 కిలోమీటర్లు, సుమారు పదిహేను గంటలు. దుబాయి నుంచి హైదరాబాదు 2,550 కిలోమీటర్లు, మూడున్నర గంటలు. హైదరాబాదు నుంచి భువనేశ్వర్ 850, గంటన్నర. అక్కడినుంచి బరంపురానికి రైల్లో 166 కిలోమీటర్లు, మూడు గంటలు అనుకోండి. ఆపైన సోనేపూర్‌కు కారు. అన్నీ కలిపితే 16,700 కిలోమీటర్లు. దారంతో కొలిచినదానికంటే పదిహేను శాతం ఎక్కువ, అంతే. ఇంత వంకర దారికి ఇది పెద్ద నష్టమేమీ కాదు.

నష్టమంతా వేరేచోట ఉంది. పై లెక్కలో గాలిలో ఉన్నది ఇరవై గంటలు. కానీ ఇల్లు వదిలినప్పటినుంచి ఇల్లు చేరేదాకా ఎప్పుడూ ముప్పై ఆరు గంటలకు తగ్గలేదు. విమానానికి మూడు గంటల ముందు వెళ్ళడం, దుబాయిలో నాలుగు గంటలు, హైదరాబాదులో ఇమిగ్రేషన్, సామాను, మళ్ళీ చెకిన్ కలిసి అయిదు గంటలు, భువనేశ్వర్ స్టేషన్లో రైలు కోసం. తిరుగు ప్రయాణంలో ఎదురుగాలి తోడవుతుంది. పడమటినుంచి తూర్పుకు పైన వీచే గాలి వెళ్ళేటప్పుడు వెనకనుంచి నెట్టినా, వచ్చేటప్పుడు ముందునుంచి తోస్తుంది. దుబాయి నుంచి హ్యూస్టన్ రావడానికి పదహారు గంటలు దాటుతుంది.

భువనేశ్వర్ వెళ్ళాలా విశాఖ వెళ్ళాలా అన్నది మా జిల్లావాళ్ళు ఎప్పుడూ వాదించుకునే విషయం. భువనేశ్వర్ విమానాశ్రయం 1962 నుంచి ఉంది. 2013లో అంతర్జాతీయ హోదా వచ్చింది. 2017 ఏప్రిల్‌లో కౌలాలంపూర్‌కు, 2023లో దుబాయి, సింగపూర్, బ్యాంకాక్‌లకు తిన్నగా విమానాలు మొదలయ్యాయి. ఇలాంటి సర్వీసులు ఒక ఏడాది ఉండి మరుసటేడు మారుతుంటాయి కాబట్టి టిక్కెట్టు కొనేముందు చూసుకోవాలి. విశాఖ నుంచి బరంపురానికి రైల్లో 277 కిలోమీటర్లు, భువనేశ్వర్ కంటే దూరమే. కానీ హైదరాబాదు నుంచి విశాఖకు 510 కిలోమీటర్లే. పైగా దారిలో ఇచ్ఛాపురంలో దిగిపోతే సోనేపూర్‌కు బరంపురం దాకా పోనక్కర్లేదు. 2024 మార్చిలో మొదలైన భువనేశ్వర్–విశాఖ వందేభారత్ రైలు బరంపురంలోనూ ఇచ్ఛాపురంలోనూ ఆగుతుంది. బంధువులు శ్రీకాకుళం వైపు ఉన్నవాళ్ళకు విశాఖ మేలు, కటక్ వైపు ఉన్నవాళ్ళకు భువనేశ్వర్ మేలు. మాకు రెండువైపులా ఉన్నారు, అందుకే వాదన తెగదు.

రోజుల్లో కొలిచినవాళ్ళు

దూరాన్ని కాలంతో కొలవడం మా తీరానికి కొత్త కాదు. క్రీస్తుశకం రెండో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో ఉన్న టాలమీ తన భూగోళ గ్రంథంలో ఈ తీరం గురించి రాశాడు. పాలూరా అనే పట్టణానికి సమీపంలో, సువర్ణభూమికి పోయే ఓడలు ఒడ్డు వదిలి నడిసముద్రంలోకి మళ్ళే చోటు ఒకటి ఉందన్నాడు. ఆ పాలూరా మన చిలికా సరస్సు దక్షిణపు కొసన ఉన్న పాలూరేనని చాలామంది పండితుల అభిప్రాయం. సోనేపూర్ నుంచి తీరం వెంట ఉత్తరంగా పోతే అది వస్తుంది.

టాలమీకి వచ్చిన చిక్కు, మనకు వచ్చిన చిక్కు ఒకటే. ఆయనకంటే ముందువాడు, టైర్ నగరానికి చెందిన మారినస్, పాలూరా నుంచి అవతలి ఒడ్డున ఉన్న సాదా అనే రేవుకు 13,000 స్టేడియాల దూరమని రాశాడు. సముద్రం మీద కొలతబద్ద లేదు. ఓడవాళ్ళు చెప్పిన ప్రయాణకాలాన్నే దూరంగా మార్చుకోవాలి. గాలి మారుతుంది, ఓడ వంకర్లు పోతుంది, అందుకని మూడోవంతు కొట్టేయాలని టాలమీ నిర్ణయించి 8,670 స్టేడియాలన్నాడు. ఆయన లెక్కలో డిగ్రీకి 500 స్టేడియాలు కాబట్టి 17⅓ డిగ్రీలు. సాదా అనేది బర్మాలోని అరకాన్ తీరంలో ఉండేదని అనుకుంటే, నిజానికి ఉన్న తేడా తొమ్మిది డిగ్రీలే. మూడోవంతు కొట్టేసినా దాదాపు రెట్టింపు దూరం మిగిలింది! ప్రయాణంలో పడిన శ్రమ, వేచి ఉన్న రోజులు, అన్నీ ఆ దూరంలో కలిసిపోయాయి. ముప్పై ఆరు గంటల తరువాత బరంపురం స్టేషన్లో దిగినప్పుడల్లా నాకు టాలమీ గుర్తొస్తాడు.

ఆ తరువాత పద్దెనిమిది వందల ఏళ్ళకు మావాళ్ళు అదే దారిన రంగం వెళ్ళారు. రంగూన్‌ను మన పెద్దలు రంగం అనేవారని ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాలనుంచి వేలాదిమంది బియ్యపు మిల్లుల్లో, రేవుల్లో పనికి వెళ్ళేవారు. కోరంగి రేవు పేరుమీద బర్మావాళ్ళు తెలుగువాళ్ళనందరినీ కోరంగీలనేవారు. గంజాంవాళ్ళకు గోపాల్పూర్ రేవు. అక్కడ ఓడ ఒడ్డుకు రాలేదు, దూరంగా లంగరు వేసేది. నోలియాలు పడవల్లో జనాన్ని ఎక్కించుకుని, కెరటం మీద కెరటం దాటించి ఓడ దగ్గరకు చేర్చేవారు. గోపాల్పూర్ నుంచి రంగానికి నేరుగా కొలిస్తే సుమారు 1,200 కిలోమీటర్లు. ఆనాటి స్టీమరు వేగానికి మూడు రోజులపైన.

మా తాతగారి తమ్ముడు, మేము చిన్నతాతగారు అనేవాళ్ళం, 1930లలో అలా రంగం వెళ్ళి ఒక బియ్యపు మిల్లులో గుమాస్తాగా చేశారు. ఆయన అక్కడ ఉండగా ఇక్కడ వాళ్ళమ్మగారు పోయారు. తంతి ఇచ్చే స్తోమత లేక తాతగారు ఉత్తరం రాశారు. అది అందేసరికి ఇక్కడ పన్నెండోరోజు కూడా అయిపోయింది. ఉత్తరం చదువుకున్న రోజే మొదటిరోజుగా లెక్కపెట్టుకుని ఆయన రంగం నదిలో స్నానం చేసి, అక్కడే కర్మ చేసుకున్నారట. మన శాస్త్రం దూరదేశంలో ఉన్న కొడుకును అలా ఆదుకుంది. కబురు విన్ననాడే ఆ కొడుకుకు మైల మొదలవుతుంది. ఇంట్లోవాళ్ళెవరూ ఆయనకోసం ఎదురుచూడలేదు. ఎదురుచూడొచ్చన్న ఊహే ఎవరికీ లేదు.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగం మీద బాంబులు వేశాయి. ఆ మరుసటేడు లక్షలమంది కొండలూ అడవులూ దాటి నడిచి ఇండియా చేరారు. ఎందరో దారిలోనే పోయారు. చిన్నతాతగారు ఆ నడిచినవాళ్ళలో ఒకరు. మూడురోజుల ఓడ ప్రయాణం ఆయనకు తిరుగుదారిలో నెలలు పట్టింది. సోనేపూర్ ఒడ్డున నిలబడి తూర్పుకు చూపిస్తూ “అదిగో, అంత దగ్గర” అనేవారు. మేము నమ్మేవాళ్ళం కాదు.

ఎదురుచూపు లెక్క

2011 జనవరిలో మా నాన్నగారు పోయారు. ఒక బుధవారం ఉదయం ఏడున్నరకు బరంపురం నుంచి తమ్ముడు ఫోను చేశాడు. హ్యూస్టన్‌లో మంగళవారం రాత్రి ఎనిమిది. కబురు రావడానికి నిమిషం పట్టలేదు. చిన్నతాతగారికి రెండువారాలు పట్టిన కబురు.

నాకు దొరికిన విమానం బుధవారం సాయంత్రం ఆరున్నరకు. అప్పటికే ఇరవై రెండున్నర గంటలు గడిచాయి. అక్కడినుంచి పదిహేను గంటలు దుబాయి, నాలుగు గంటలు ఆగడం, మూడున్నర హైదరాబాదు, అయిదు గంటలు ఆగడం, గంటన్నర భువనేశ్వర్, ఆపైన స్టేషను, రైలు, ఆటో. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి గుమ్మంలో అడుగుపెట్టాను. ఫోను మోగిన దగ్గరనుంచి యాభై ఆరున్నర గంటలు. అందులో ఆకాశంలో ఉన్నది ఇరవై.

దహనం బుధవారం సాయంత్రమే అయిపోయింది. తమ్ముడు చేశాడు. అది నాన్నగారి మాట ప్రకారమే జరిగింది. ఆయన స్కూలు మాస్టారు, లెక్కలు చెప్పేవారు. అంతకు రెండేళ్ళ ముందు నేను వెళ్ళినప్పుడు, అమ్మ, తమ్ముడు, మరదలు అందరూ ఉండగా, భోజనాల దగ్గర మామూలు మాట చెప్పినట్టు చెప్పారు. “పెద్దాడి కోసం నన్ను ఐసుగడ్డల మీద పడుకోబెట్టకండి. వాడు రావడానికి ఎన్ని గంటలో నేను లెక్క వేశాను. మూడోనాటికి వస్తాడు. అస్థులు సోనేపూర్‌లో కలపడానికి వాడుంటే చాలు.” అమ్మ ఆ మాటలేమిటని కోప్పడింది. ఆయన మజ్జిగ పోయమన్నారు.

ఆయన లెక్క తప్పలేదు. నేను చేరిన శుక్రవారం మూడోరోజు. శనివారం తెల్లవారకముందే అన్నదమ్ములిద్దరం సోనేపూర్ వెళ్ళాం. ముఖద్వారం దగ్గర పోటు పాటు చూసుకోవాలి, లేకపోతే నీళ్ళు మనిషిని లాగేస్తాయి. ఒక ముసలి నోలియా మాకు తోడుగా వచ్చాడు. “ఇప్పుడొద్దు బాబూ, ఏరు ఇంకా లోపలికొస్తోంది. తిరగనియ్యండి” అని మమ్మల్ని ఇసుకమీద కూర్చోబెట్టాడు. అరగంటకు నీళ్ళు తిరిగాయి. నది సముద్రంలోకి పోవడం మొదలయింది. అప్పుడు కలిపాం. ఆ అరగంట తమ్ముడూ నేనూ మాట్లాడుకున్నంత, ఆ పై పదిరోజుల్లోనూ మాట్లాడుకోలేదు.

మన సంఘంలో ఈ మాట నేను చాలామందితో అన్నాను, ఇక్కడ రాస్తున్నాను. రంగం రోజుల్లో దూరం తక్కువ, ప్రయాణం ఎక్కువ. కొడుకు రాడని అందరికీ తెలుసు, అందుకని ఎవరూ ఆగేవారు కారు. ఇప్పుడు కొడుకో కూతురో రావచ్చు. రావచ్చు కాబట్టి ఆగుతారు. విమానం ఎంత త్వరగా పోయినా, ఇంటి ముందు జనం, లోపల ఐసుపెట్టె, ఎన్నింటికి దిగుతాడని పదినిమిషాలకొక ఫోను, ఈ ఎదురుచూపు విమానాలతోనే వచ్చింది. ఎనభయ్యేళ్ళ తల్లి ఆ రెండురాత్రులు ఎలా గడుపుతుందో దుబాయిలో కూర్చున్నవాళ్ళకు తెలియదు. ఆగమనాలా వద్దా అన్నది ఏ ఇంటికి ఆ ఇల్లు తేల్చుకోవాలి. కొందరికి ఆఖరి చూపు లేకపోతే జీవితమంతా వెలితి. అదీ న్యాయమే. కానీ ఫోను మోగిన తరువాత తేల్చుకునే విషయం కాదిది. పెద్దవాళ్ళు బాగున్నప్పుడు, అందరూ ఒకచోట ఉన్నప్పుడు, వాళ్ళనే అడగాలి. అశుభం అనుకుని మనం తప్పించుకుంటాం గాని, చాలామంది పెద్దలు ఈ లెక్క ఎప్పుడో వేసి ఉంచుకుంటారు, అడిగేవాళ్ళు లేక చెప్పరు.

అలాగే పాస్‌పోర్టులు, ఓసీఐ కార్డులు ఇంట్లో అందరివీ గడువులో ఉన్నాయా లేదా చూసుకోండి. మీ ఊరికి ఏ రెండు మూడు దారులున్నాయో, ఏ రోజు ఏ విమానం ఉందో, ఆఖరి రైలు ఎన్నింటికో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. గాలిలో గడిచే ఇరవై గంటలను మనం తగ్గించలేము. మిగిలిన ముప్పైఆరులో కొన్ని మన చేతిలో ఉన్నాయి.

వెళ్ళేవాళ్ళకు

శీతాకాలంలో మీరు అటు వెళ్తే సోనేపూర్‌కు ఒక పూట కేటాయించండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం బాగుంటుంది. వర్షాకాలంలో తుపానుల భయం ఉంది. పెద్ద హోటళ్ళు కావాలంటే గోపాల్పూర్‌లో బస చేసి, పొద్దున్నే కారులో వెళ్ళి రావచ్చు. తాగేనీళ్ళు, తినేవి వెంట తీసుకెళ్ళండి. సముద్రంలో దిగేముందు అక్కడి నోలియాలను అడగండి. తెలుగులోనే అడగండి, సంతోషిస్తారు. ముఖద్వారం దగ్గర మాత్రం ఈతకు దిగవద్దు.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో అయితే ఉత్తరంగా రుషికుల్య నది ముఖద్వారం దగ్గర ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుంపులు గుంపులుగా గుడ్లు పెట్టడానికి వస్తాయి. కొన్నేళ్ళు లక్షల్లో వస్తాయి, కొన్నేళ్ళు రావు. వస్తే మాత్రం పిల్లలకు చూపించవలసిన దృశ్యం. తిరిగి వచ్చేటప్పుడు బరంపురంలో అప్పడాలు, ఊరగాయలు కొనడం మరువకండి. సామానులో బరువు మిగిలితే బరంపురం పట్టుచీర కూడా.

మా అమ్మ బరంపురంలోనే తమ్ముడి దగ్గర ఉంది. ఏటా జనవరిలో మూడు వారాలు వెళ్తాను, ఒక రోజు అందరం సోనేపూర్ వెళ్తాం. అమ్మ నీళ్ళదాకా నడవలేదు, సరుగుడు చెట్ల కింద కుర్చీ వేస్తే కూర్చుంటుంది. పోయిన జనవరిలో నేను అడిగాను, నాన్నగారు చెప్పినట్టే నువ్వూ ఏమైనా చెప్పదలుచుకున్నావా అని. కాసేపు ఆలోచించి, “నాకోసం ఆపండి. నువ్వొచ్చేదాకా నేనుంటాను” అంది. తమ్ముడు, నేను, మరదలు, ముగ్గురం విన్నాం. అలాగేనమ్మా అన్నాం.